చేపకి కాదు... నీళ్లకి వైద్యం!

ఒంటిమీద ఎవరో చిటికెడు బొంబాయిరవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటూ ఉన్నట్టుండి మెలికలు. పరుగు పందెం పూర్తిచేసొచ్చిన పిల్లాడిలా ఎగశ్వాస... ఉప్పునీటి అక్వేరియం ఉన్న ఇంట్లో ఈ మూడూ ఒకేసారి కనిపించాయంటే ఆ రాత్రి ఇంటివాళ్లకి నిద్రుండదు. చేపలు పెంచేవాళ్లు ఈ జబ్బుని 'మెరైన్ ఇక్' అంటారు. తెచ్చిపెట్టే పరాన్నజీవి పేరు క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్. చూడటానికి చుక్కంత. వదిలేస్తే మాత్రం తొట్టిలోని చేపలన్నిటినీ కొద్దిరోజుల్లోనే ఊడ్చిపెట్టేయగలదు.

మన కోస్తావాళ్లకి 'తెల్లమచ్చ' అనగానే గుండె గుభేలుమంటుంది. 1990ల మధ్యలో రొయ్యల చెరువుల్ని ముంచేసిన వైట్‌స్పాట్ గుర్తొస్తుంది. అది వేరు, ఇది వేరు. రొయ్యలది వైరస్. చేపల ఒంటిమీద కనిపించే ఈ చుక్క ఓ ఏకకణజీవి. ఇంటర్ బైపీసీ పిల్లలు బొమ్మ వేసి మార్కులు తెచ్చుకునే పారమీషియానికి దూరపు చుట్టం. ఒంటినిండా సన్నటి శైలికలు ఉంటాయి. వాటితోనే ఈదుతుంది, చేప చర్మంలోకి దూరుతుంది, అక్కడే తిని బలుస్తుంది.

మరి మందు వేస్తే పోదా? సరిగ్గా అక్కడే ఉంది చిక్కంతా. చేప ఒంటిమీద ఉన్నంతసేపూ దీన్ని మామూలు మందేదీ ముట్టుకోలేదు. ఆ సంగతి విశాఖపట్నంలో ఒక కుటుంబానికి ఓ చేప ప్రాణం పోయాక, ఇంకో చేప ప్రాణం మీదికొచ్చాక... రోజులు లెక్కపెట్టుకుంటే తప్ప గట్టెక్కలేని పరిస్థితిలో అనుభవంలోకి వచ్చింది.

కొత్త చుట్టాలొచ్చిన నాలుగో రోజు...

ఎంవీపీ కాలనీలో ఓ అపార్ట్‌మెంట్. ఆవిడ జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. భర్తది ప్రైవేటు ఉద్యోగం. ఒక్కతే కూతురు, ఎనిమిదో తరగతి. హాల్లో ఆరడుగుల ఉప్పునీటి తొట్టి. అందులో రాళ్లు, నాలుగైదు నత్తలు, రెండు రొయ్యలు. పగడాలు లేవు. గట్టి పగడాలన్నిటికీ 2001 నుంచీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఇంట్లో పెట్టుకునే వస్తువులు కావవి. ఆ తొట్టికి రాజూ రాణీ ఓ జంట క్లౌన్ చేపలు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా చూసినవాళ్లకి పరిచయం అక్కర్లేని నారింజరంగు చేపలు. హ్యాచరీలో పుట్టినవి. ఆ ఇంటికొచ్చి ఐదేళ్లయింది. ఆ అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు పుట్టినరోజు బహుమతిగా వచ్చాయి కాబట్టి వాటి బాగోగుల మీద సర్వాధికారాలూ తనవే.

2024 ఏప్రిల్‌లో ఆ ఇంటికి ఇద్దరు కొత్త చుట్టాలొచ్చారు. ఒకటి నీలిరంగు ట్యాంగ్. అదే సినిమాలోని 'డోరీ'. రెండోది అరచేతిలో సగం లేని సీతాకోకచిలుక చేప. రెండూ సముద్రంలో పట్టి తెచ్చినవే.

కొత్త చేపని తేగానే పెద్ద తొట్టిలో వదలకూడదన్నది ఆ ఇంట్లో నియమం. పడకగదిలో ఓ చిన్న తొట్టి సిద్ధంగా ఉంటుంది. ఇసుక ఉండదు, రాళ్లుండవు. దాక్కోవటానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, గాలికి పంపు, ఓ స్పాంజి ఫిల్టరు. అంతే! 2020 తర్వాత పుట్టిన పిల్లలు తప్ప అందరికీ తెలిసిన మాటే... క్వారంటైన్.

నాలుగో రోజు పొద్దున ట్యాంగ్ వీపు మీద చుక్కలు కనిపించాయి. మధ్యాహ్నానికి సీతాకోకచిలుక చేప రెక్కల మీదా అవే.

ఇక మొదలయ్యాయి సలహాలు. 'వేడి పెంచండి, ఉప్పు వెయ్యండి' అన్నాడు అక్వేరియం సామాన్లు అమ్మే కుర్రాడు. మంచినీటి చేపలకి వచ్చే తెల్లమచ్చకి అది బాగా పనిచేసే చిట్కానే. కానీ సముద్రపు చేప పుట్టిందే ఉప్పులో. దానికి ఇంకా ఉప్పేమిటి? నిజానికి ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఉప్పు పెంచితే కాదు, బాగా తగ్గిస్తే ఈ పరాన్నజీవి తట్టుకోలేదు. నీటి సాంద్రతని మామూలుగా ఉండే 1.025 నుంచి 1.009కి దించి మూడు నాలుగు వారాలు అక్కడే నిలబెట్టే వైద్యం ఒకటుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫలితముండదు. 'వెల్లుల్లి రసం కలిపి మేత పెట్టండి' అన్నారు ఇంకొకరు. వాసనకి చేప నాలుగు మెతుకులు ఎక్కువ తింటే తినొచ్చు. తెల్లమచ్చ పోతుందనటానికి ఆధారం లేదు. 'మంచినీళ్లలో ఐదు నిమిషాలు ముంచి తియ్యండి' అని మరొకరు. చర్మానికి అంటుకుని ఉండే కొన్నిరకాల జలగపురుగులకి అది మంచి ఉపాయమే. పురుగులు తెల్లబడి రాలిపోతాయి. తెల్లమచ్చ జీవి అలా పైన అంటుకుని ఉండదు. చర్మం పొర కింద దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు ఉంటుంది. దానికి ఆ స్నానం తగలనే తగలదు.

మరి ఏం చెయ్యాలి? ముందు అది తెల్లమచ్చో కాదో తేలాలి!

ఏడింటికే ల్యాబ్ తాళం

ఎందుకంటే సరిగ్గా ఇలాగే కనిపించే మరో జబ్బుంది. పేరు వెల్వెట్. అమిలూడీనియం అనే జీవి దానికి కారణం. చుక్కలు ఇంకా సన్నగా, మసక బంగారు ధూళి చల్లినట్టు ఉంటాయి. ముందు మొప్పల్ని పడుతుంది. ఒక్కోసారి ఒంటిమీద ఏమీ కనిపించకుండానే రెండు మూడు రోజుల్లో చేపని చంపేస్తుంది. రెండింటికీ వైద్యం ఒకటి కాదు. తెల్లమచ్చకి పనికొచ్చే పద్ధతి వెల్వెట్‌కి పనికిరాకపోవచ్చు. తప్పు తేల్చుకుంటే చేప దక్కదు.

ఆరో రోజు తెల్లవారుజామున సీతాకోకచిలుక చేప చచ్చిపోయింది. పిల్ల ఇంకా లేవలేదు. ఆవిడ చేపని అదే ఉప్పునీళ్లతో ఓ కవర్లో వేసుకుని కాలేజీకి వెళ్లారు. చేప చచ్చాక పరాన్నజీవులు దాని మీద ఎక్కువసేపు ఉండవు. దిగిపోతాయి. అందుకే ఆ తొందర. అటెండరు వచ్చి ల్యాబ్ తలుపు తీసేసరికి ఏడయింది. మొప్ప అంచునుంచి చిన్న ముక్క, రెక్క మీదినుంచి కాస్త జిగురు గీకి స్లైడు మీద పెట్టి చూశారు.

మైక్రోస్కోపు కింద నల్లగా, గుండ్రంగా ఓ ముద్ద. తనచుట్టూ తాను నెమ్మదిగా తిరుగుతోంది. అంచునిండా శైలికలు కదులుతున్నాయి. వెల్వెట్ జీవి అయితే బేరిపండు ఆకారంలో, కదలకుండా అతుక్కుని ఉంటుంది. ఇది తిరుగుతోంది కాబట్టి తెల్లమచ్చే. చనిపోయిన చేప బతికున్న చేపకి చేసిన సాయమది.

ఇంటికొచ్చేసరికి కూతురు ఖాళీగా ఉన్న పైపు ముక్కని చూస్తూ కూర్చునుంది. 'రెండోదాన్నయినా పెద్ద తొట్టిలో వేసెయ్యమ్మా. అక్కడ తోడుంటాయి. ఒక్కతే ఉంటే భయపడి చచ్చిపోతుంది' అంది. ఆ మాటలో ప్రేమే తప్ప తప్పు లేదు. కానీ ఆ ప్రేమకి తలొగ్గితే ఐదేళ్లుగా పెరుగుతున్న క్లౌన్ జంటకి తెల్లమచ్చని చేతులారా అంటించినట్టే. ఆవిడ కుదరదన్నారు. పిల్ల రెండు రోజులు తల్లితో సరిగా మాట్లాడలేదు.

శత్రువు టైంటేబుల్

ఈ జీవిని తొలిసారి వివరంగా పరిశీలించింది జపాన్ శాస్త్రవేత్త సికామా, 1930ల చివర్లో. ఇప్పుడున్న పేరు పెట్టింది 1951లో, బ్రిటన్‌కి చెందిన బ్రౌన్. దాని బతుకు మొత్తాన్నీ గంటల లెక్కన రాసిపెట్టింది మాత్రం ఎర్రసముద్రం ఒడ్డున ఇజ్రాయెల్ పట్టణం ఎయిలాట్‌లో పనిచేసిన ఆంజెలో కొలోర్ని. 1980ల్లో ఆయన చేసిన పరిశోధనే ఇవాళ ఇళ్లలో చేపలు పెంచేవాళ్లకీ దారి చూపిస్తోంది.

ఆ లెక్క ఇదీ... చేప చర్మంలో ఈ జీవి మూడు నుంచి ఏడు రోజులుంటుంది. మనకి కనిపించే చుక్క అదే. కడుపు నిండాక దిగిపోతుంది. కొన్ని గంటలు అడుగున పాకి, గాజుకో రాయికో అతుక్కుని చుట్టూ గట్టి పొర కట్టుకుని తిత్తిలా మారిపోతుంది. ఆ తిత్తిలో ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి... అలా దాదాపు రెండొందల దాకా. తిత్తి పగలటానికి తక్కువలో తక్కువ మూడు రోజులు పడుతుంది. కొన్ని నాలుగు వారాలు, ఇంకా పైన కూడా ఆగుతాయి. బయటికొచ్చిన పిల్లలకి చేప దొరకాలి. ఒకటి రెండు రోజుల్లో దొరక్కపోతే చచ్చిపోతాయి.

ఇంకో చిత్రం చూడండి. తిత్తులు ఎక్కువగా పగిలేది చీకట్లో, తెల్లవారే ముందు. అప్పటికి చేపలు అడుగున రాళ్ల సందుల్లో నిద్రపోతుంటాయి. తిత్తులుండేదీ అక్కడే. పిల్లలకి వెతుక్కునే పని కూడా ఉండదు!

ఈ టైంటేబుల్ చదివితే రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, చర్మం కింద ఉన్నప్పుడు చేపే దానికి రక్ష. తిత్తిలో ఉన్నప్పుడు పొరే రక్ష. మందుకి చిక్కేది నీళ్లలో ఈదుతున్న ఆ కొద్ది గంటల్లోనే. రెండు, ఒంటిమీద చుక్కలు పోయాయంటే జబ్బు తగ్గినట్టు కాదు. బస్సులోంచి జనం దిగినట్టు దిగాయి. కొద్దిరోజుల్లో ఒక్కోటి రెండొందలమందిని వెంటబెట్టుకుని తిరిగొస్తుంది. 'మచ్చలు వాటంతటవే తగ్గిపోయాయండీ' అని సంబరపడినవాళ్లు వారం తిరక్కుండా తొట్టి మొత్తం పోగొట్టుకునేది ఇక్కడే.

కైకలూరు నుంచి ఫోన్

వైద్యం రెండు రకాలుగా చెయ్యొచ్చు. మొదటిది రాగి మందు. నీళ్లలో రాగిని కొలత ప్రకారం కలిపి నెలరోజులపాటు అదే మోతాదు నిలబెట్టాలి. తిత్తుల్లోంచి వచ్చిన పిల్లలు వచ్చినట్టు చచ్చిపోతాయి. వెల్వెట్‌కీ ఇది పనిచేస్తుంది. కానీ మోతాదు తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప చస్తుంది. పరీక్ష కిట్‌తో రోజూ కొలవాలి. నత్తలూ రొయ్యలూ ఉన్న తొట్టిలో చుక్క కూడా పడకూడదు. వాటికది విషం. రాళ్లూ ఇసుకా ఉన్నచోట వేస్తే అవే రాగిని పీల్చేసి కొలత తప్పిస్తాయి. అందుకే ఈ మందు క్వారంటైన్ తొట్టికే పరిమితం. పైగా రాగి పడితే చాలా చేపలకి ఆకలి మందగిస్తుంది. ఈ ట్యాంగ్ అప్పటికే రెండు రోజులుగా ఏమీ తినటం లేదు.

రెండోది ఏ మందూ లేనిది. తిత్తి పగలటానికి కనీసం మూడు రోజులు పడుతుంది కదా... ఆ మూడు రోజులూ నిండేలోపే చేపని సరికొత్త నీళ్లలోకి మార్చెయ్యటం. దిగినవి దిగినట్టు పాత తొట్టిలో ఉండిపోతాయి. పగిలేనాటికి అక్కడ చేప ఉండదు. అలా నాలుగు టబ్బులు, పన్నెండు రోజులు. చేప ఒంటిమీద ఏడు రోజులకి మించి ఉండలేవు కాబట్టి ఈలోగా అన్నీ దిగిపోవాల్సిందే.

వినటానికి బాగానే ఉంది. తిండి మానేసిన చేపని మూడు రోజులకోసారి పట్టి మార్చితే తట్టుకుంటుందా? ఆవిడ ఎటూ తేల్చుకోలేక ఆ సాయంత్రం కైకలూరుకి ఫోన్ చేశారు. అక్కడ ఆవిడ మామగారు ముప్ఫయ్యేళ్లు బొచ్చె, రాగండి పెంచిన రైతు. సముద్రపు చేప సంగతి ఆయనకి తెలీదు. చేపపేను సంగతి మాత్రం బాగా తెలుసు.

'మామయ్యగారూ, పేను పడితే మీరేం చేసేవాళ్లు?'

'మందు కొట్టేవాళ్లమమ్మా. కొడితే అప్పటికి పోయేది. మళ్లీ వచ్చేది. గుడ్లు చేప మీద పెట్టదు కదా అది, కర్రలకీ రాళ్లకీ పెడుతుంది. అందుకని చెరువులో వెదురు బద్దలు పాతేవాళ్లం. వాటిమీద గుడ్లు పెట్టాక పీకి ఎండలో పడేసేవాళ్లం. పట్టుబడి అయ్యాక చెరువు నెర్రెలిచ్చేదాకా ఎండగట్టి, సున్నం జల్లి, అప్పుడు కొత్త పిల్ల వదిలేవాళ్లం. చేపకి చేసే వైద్యం కన్నా చెరువుకి చేసే వైద్యం గట్టిది తల్లీ.'

ఎయిలాట్ శాస్త్రవేత్తా కైకలూరు రైతూ ఒకరినొకరు ఎరగరు. ఇద్దరి లెక్కా ఒకటే. శత్రువు చేప మీద లేనప్పుడు ఎక్కడుందో చూడు. అక్కడ దెబ్బకొట్టు. ఆవిడ టబ్బులు కొనటానికి బజారుకి బయల్దేరారు.

నాలుగు టబ్బులు, పన్నెండు రోజులు

అరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులు రెండు కొన్నారు. ఒకటి వాడుతుంటే ఇంకోటి కడిగి మేడమీద ఎండలో పెట్టాలి. తడి చుక్క కూడా ఉండకూడదు. పైపు ముక్కలూ ఎయిర్ పంపు గొట్టాలూ కూడా అంతే, రెండేసి జతలు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. నాలుగు విడతలకి 240 లీటర్లు, ఎనిమిది కిలోల పైచిలుకు ఉప్పు. నీళ్లు ముందురోజే కలిపి, సాంద్రత, వేడి పాత టబ్బుతో సమానంగా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. ఏప్రిల్ ఎండలకి నీళ్లు ముప్పై డిగ్రీలు దాటిపోతుంటే 26, 27 దగ్గర ఉంచటానికి ఒకటే మార్గం కనిపించింది. ఏసీ గది చేపకిచ్చేసి ఇంటిల్లిపాదీ హాల్లో ఫ్యాను కింద పడుకున్నారు. 'అల్లుడొచ్చినా ఇంత మర్యాద చెయ్యలేదు మీ పుట్టింట్లో' అని భర్త వేళాకోళం.

ట్యాంగ్ తోక మొదట్లో రెండువైపులా కత్తిలాంటి ముల్లుంటుంది. అందుకే ఆ కుటుంబపు చేపల్ని 'సర్జన్ చేపలు' అంటారు. వలతో పడితే ముల్లు ఇరుక్కుపోతుంది. వంటింట్లో కూరగాయలు కడిగే చిల్లుల ప్లాస్టిక్ గిన్నె పనికొచ్చింది. పాత నీళ్లు కారిపోతాయి, చేప మిగులుతుంది. పాత టబ్బు నీళ్లు కొత్తదాన్లోకి వెళ్లకపోవటం ముఖ్యం. మార్చటానికి పట్టేది అర నిమిషం. మళ్లీ 72 గంటలదాకా దాన్ని ముట్టుకోకూడదు.

మొదటి టబ్బులో మూడో రోజుకి ట్యాంగ్ ఒళ్లు శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క లేదు. 'తగ్గిపోయిందిగా! ఇంకా ఎందుకీ తతంగం?' అన్నారు భర్త. కూతురు ఏమీ అనలేదు. పెద్ద తొట్టి వైపు చూసింది. ఆవిడ రెండో టబ్బుకి ఉప్పు కలుపుతూనే ఉన్నారు.

ఐదో రోజు రెక్కల మీద మళ్లీ చుక్కలు!

ఆ రాత్రి ఆవిడకి కాళ్లాడలేదు. లెక్క తప్పిందా? పద్ధతి పనిచెయ్యటం లేదా? రాగి మందు వెయ్యాల్సిందా? కాగితం తీసుకుని మళ్లీ మొదటినుంచీ రాసుకున్నారు. పాత తొట్టిలోంచి బయటపడేముందు చేప చర్మంలోకి దూరిన పిల్లలు వెంటనే కంటికి కనిపించవు. లోపల తిని పెరిగాకే చుక్కలుగా బయటపడతాయి. అంటే ఇవి కొత్తవి కావు. పాత తొట్టిలో ఎక్కినవే. ఏడో రోజులోపు ఇవీ దిగిపోవాలి. దిగకపోతే అప్పుడు ఆలోచించాలి. అప్పటిదాకా చెయ్యాల్సింది, 72 గంటలు తప్పకుండా చూసుకోవటం. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించారు. కూతురు దానిపక్కన పెన్నుతో గళ్లు గీసి టబ్బు నంబర్లు వేసింది. రెండు రోజుల మౌనం తర్వాత తల్లీకూతుళ్ల మధ్య సంధి కుదిరింది ఆ కాగితం దగ్గరే.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం టబ్బులో క్లిప్పుకి తగిలించిన ఎండు సముద్రనాచు ముక్క అంచు కొరికి ఉంది. ట్యాంగ్‌లు ప్రధానంగా నాచు మేసే చేపలు. 'అమ్మా, తింది!' అని పిల్ల వేసిన కేకకి పక్క ఫ్లాటావిడ తలుపు తీసి చూశారు. తొమ్మిదో రోజు నుంచి ఒంటిమీద మచ్చ కనిపించలేదు. పదమూడో రోజు నాలుగో టబ్బులోంచి కడిగి ఆరబెట్టిన తొట్టిలోకి మారింది.

సరిగ్గా నలభై రోజులు

అక్కడితో అయిపోలేదు. ఇంకో 28 రోజులు ఊరికే చూస్తూ కూర్చోవటం. తింటోందా? ఒళ్లు రుద్దుకుంటోందా? శ్వాస ఎలా ఉంది? వేరే పరాన్నజీవులేమైనా దాగుంటే ఈలోగా బయటపడాలి. అన్నీ కలిపితే నలభై రోజులు. ఈ నలభైకి పాత చుట్టరికముంది. ప్లేగు రోజుల్లో, 1377లో రగూసా రేవులో- ఇప్పటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్- బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లని నెలరోజులు వేరుగా ఉంచాలని ఆజ్ఞ వేశారు. తర్వాత కాలంలో అది నలభై రోజులైంది. ఇటలీవాళ్ల 'నలభై'లోంచి పుట్టిందే 'క్వారంటైన్' అన్న మాట. మనుషులకైనా చేపలకైనా కిటుకు ఒకటే. జబ్బుకి కాలపరిమితి ఉంటుంది. అది తీరేదాకా దానికి కొత్త ఇల్లు చూపించకూడదు.

అదే తెల్లమచ్చ పెద్ద తొట్టిలోకి చొరబడితే? అప్పుడు పని పదింతలు. చేపలన్నిటినీ బయటికి తీసి వైద్యం చెయ్యాలి. రాళ్లకీ ఇసుకకీ అతుక్కున్న తిత్తుల్ని ఏరలేరు కదా... అవన్నీ పగిలి, చేప దొరక్క చచ్చేదాకా ఆ తొట్టిని చేపలు లేకుండా ఖాళీగా నడపాలి. చేపలు పెంచేవాళ్లు దీనికి పెట్టుకున్న గడువు 76 రోజులు. కొన్ని తిత్తులు అంత మొండివి కాబట్టే అంత గడువు. నత్తలూ రొయ్యలూ అందులో ఉండొచ్చు, ఈ జీవికి అవి పనికిరావు. ఇల్లంతా సందడి చేసిన తొట్టిలో లైటు వెలుగుతుంటుంది, పంపు తిరుగుతుంటుంది, ఒక్క చేప ఉండదు. రెండున్నర నెలలు! చాలామంది ఆ ఖాళీని భరించలేక నెలకే చేపల్ని వదిలేస్తారు. కథ మళ్లీ మొదటికొస్తుంది. చెరువు ఎండగట్టే రైతుకున్న ఓర్పు హాల్లో తొట్టి పెట్టుకున్నవాళ్లకీ కావాలి.

కొనేముందే...

మీ ఇంట్లో ఉన్నది ఉప్పునీటి తొట్టి కాకపోవచ్చు. గోల్డ్‌ఫిష్ ఉన్న గాజుతొట్టే కావచ్చు. కొత్త చేపని తెచ్చినరోజే పాతవాటితో కలపకపోవటం దేనికైనా మంచిదే. దానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. మూతున్న టబ్బు, ఓ గాలి పంపు, దానికంటూ వేరే వల. రోజూ ముందు పాత చేపల పని చూసుకుని, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి. తడి చెయ్యి, తడి వల, ఆఖరికి కవర్లోని నీళ్లు... ఏదైనా చాలు జబ్బు దాటటానికి. దుకాణంలో చేప నచ్చితే, అక్కడే దానికి మేత వెయ్యమని అడగండి. తినని చేపని తేవద్దు. ఒకే తొట్టిలో ఇంకో చేప ఒళ్లు రుద్దుకుంటుంటే పక్కదాన్ని కూడా తేవద్దు. మచ్చ కనిపిస్తే మందు సీసా కోసం పరుగెత్తేముందు అది ఏ జబ్బో తెలుసుకోండి.

విశాఖ ఇంట్లో నీలిరంగు ట్యాంగ్ ఆ ఏడాది మే చివర్లో పెద్ద తొట్టిలోకి వెళ్లింది. రెండు వారాలపాటు క్లౌన్ జంట దాన్ని దగ్గరికి రానివ్వలేదు. తర్వాత సర్దుకున్నాయి. ఆ నలభై రోజుల్లో ఆవిడ మరో నిర్ణయం కూడా తీసుకున్నారు. ఇకమీదట హ్యాచరీలో పుట్టిన చేపలే తప్ప సముద్రంలో పట్టినవి కొనకూడదని. క్లౌన్ చేపల్ని పుట్టించే పరిజ్ఞానం మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దగ్గరా ఉంది. నీలి ట్యాంగ్‌ని తొట్లలో పుట్టించటం మాత్రం 2016లోగానీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులకి సాధ్యం కాలేదు. అందుకే అంగళ్లలో కనిపించే ట్యాంగ్‌లలో ఎక్కువ భాగం ఏదో ఒక పగడపు దిబ్బ దగ్గర పట్టుకొచ్చినవే. అంతదూరం ప్రయాణించి, నీళ్లు మారి, భయపడి, నీరసించిన చేపనే పరాన్నజీవి తేలిగ్గా లోబరుచుకుంటుంది. ఆ ఇంట్లో బతకని సీతాకోకచిలుక చేపా అలా వచ్చిందే.

టబ్బులు రెండూ మేడమీద గదిలో బోర్లించి ఉన్నాయి. వడియాలకి ఇమ్మని పక్కింటివాళ్లు ఓసారి అడిగితే ఎనిమిదో తరగతి అమ్మాయే అడ్డం పడింది. 'అవి ఆస్పత్రివి ఆంటీ, ఇవ్వకూడదు' అందట!